పాట ఆగింది, కరెంటు ఆగలేదు

రాత్రి బాగానే నిలిపిన కారు తెల్లవారేసరికి కదలనంటే తప్పు ప్రతిసారీ బ్యాటరీదే కాదు. దాన్ని చడీచప్పుడు లేకుండా పీల్చేస్తున్న స్టీరియోది కూడా కావచ్చు. అండమాన్ దీవుల్లో ఈ చిన్న లోపానికి చెల్లించే మూల్యం మాత్రం పెద్దది.

తెల్లవారుజాము నాలుగు గంటలు. 2024 సెప్టెంబర్ దాకా పోర్ట్‌బ్లెయిర్‌గా పిలిచిన శ్రీవిజయపురం ఇంకా నిద్రలోనే ఉంటుంది. కానీ ఉత్తరాన బారాటాంగ్, రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ వైపు వెళ్లాల్సిన కార్లకు అప్పటికే వేళ మించిపోతున్నట్లు లెక్క. అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా గిరిజనుల రిజర్వు అడవి గుండా సాగుతుంది. అక్కడ ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్లు పోవడానికి వీల్లేదు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ వరుసలో నిలబడాలి. నిర్ణీత వేళల్లో, పోలీసు రక్షణతో, గుంపుగా మాత్రమే కదలాలి. రోజులో తొలి కాన్వాయ్ ఉదయం ఆరు గంటల ప్రాంతంలో బయల్దేరుతుంది. అది తప్పితే మరుసటి దాని కోసం గంటల తరబడి నిరీక్షణే.

అలాంటి వేళ కీ తిప్పగానే డ్యాష్‌బోర్డు లైట్లు మినుకుమని, సెల్ఫ్ 'టకటక'మని ఆగిపోతే? ఇరుగుపొరుగును లేపాలి. జంపర్ కేబుల్ వెతకాలి. లేదా నలుగురిని పిలిచి కారును తోయించాలి. తీరా స్టార్ట్ అయినా దిగులు తీరదు. రిజర్వు లోపల వాహనం ఆపడం నిషేధం. అవతల మిడిల్ స్ట్రెయిట్ దగ్గర కారును పంటు మీదికి ఎక్కించేటప్పుడు ఇంజిన్ ఆపితే మళ్లీ అంటుకుంటుందో లేదో తెలియదు. ఆ రోజు పెద్దాసుపత్రిలో చూపించుకోవాల్సిన రోగినో, హాడ్డో రేవులో ఓడ ఎక్కాల్సిన కుటుంబాన్నో తీసుకెళ్లాల్సిన కారే అయితే బ్యాటరీ డౌన్ అన్న చిన్న మాటకు అర్థం మారిపోతుంది.

సాధారణంగా ఆ తర్వాత జరిగేది ఒకటే. బ్యాటరీ పాడైందని తీర్మానించి కొత్తది కొంటారు. నెలో రెండు నెలలో గడిచాక కొత్తదీ అదే దారి పడుతుంది. అప్పుడు కంపెనీని తిట్టుకుంటారు. మధ్యలో కొత్తగా బిగించిన స్టీరియో మీద అనుమానం వచ్చేవారు తక్కువ. ఎందుకంటే కారు ఆపగానే అదీ ఆగిపోయింది. తెర చీకటైంది, పాట లేదు. ఆగినట్లు కనిపించడం వేరు, నిజంగా ఆగడం వేరు అన్నదే ఇక్కడ అసలు సంగతి.

రెండు తీగల తగాదా

కారు, సంగీతం ఒకే బ్యాటరీ మీద కాపురం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో సీసం-ఆమ్లం బ్యాటరీని కనిపెట్టాడు. 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది కానీ బ్యాటరీ లేనిదే కారు లేదన్న స్థితీ అప్పుడే మొదలైంది. 1930లో గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చారు. వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆనాటి రేడియోలు కరెంటును బాగానే తాగేవి. అయితే వాటికి ఒక సుగుణం ఉండేది. స్విచ్ కట్టేస్తే నిజంగానే ఆగిపోయేవి.

నేటి సెట్టు అలా కాదు. దాని వెనక చెయ్యి పెడితే తీగల గుబురు తగులుతుంది. బ్యాటరీ బతుకును తేల్చేవి అందులో ముఖ్యంగా మూడు. బయటి మార్కెట్లో దొరికే సెట్లలో సాధారణంగా పసుపు తీగకు కారు ఆపేసినా 12 వోల్టులు అందుతూనే ఉంటాయి. గడియారం, గుర్తుపెట్టుకున్న స్టేషన్లు, సౌండ్ సెట్టింగులు చెరిగిపోకుండా చూడటం దీని పని. ఎరుపు తీగ కీ చెప్పినట్లు వింటుంది. కీ తిప్పితే కరెంటు, తీస్తే సున్నా. సెట్టు ఎప్పుడు మేలుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో చెప్పేది ఇదే. నీలం-తెలుపు చారల తీగ డిక్కీలోనో సీటు కిందో ఉన్న యాంప్లిఫయర్‌ను లేపుతుంది. సెట్టు పడుకుంటే ఈ తీగలో కరెంటు పోయి యాంప్లిఫయరూ పడుకోవాలి.

లోపం ఈ మూడింటి మధ్యే పుడుతుంది. అన్నిటికంటే సర్వసాధారణమైనది ఎరుపు, పసుపు తీగలను కలిపి మెలిపెట్టి నేరుగా బ్యాటరీ లైనుకు కలిపేయడం. కీ లేకుండానే పాటలు వినాలని యజమాని అడగడం ఒక కారణం. కీతో కరెంటు వచ్చే తీగ ఏదో వెతికే ఓపిక లేకపోవడం ఇంకో కారణం. అలా బిగించిన సెట్టు బాగానే పాడుతుంది, యజమానీ సంతోషిస్తాడు. కానీ కారు ఆగిందన్న కబురు దానికి ఎప్పటికీ చేరదు. బటన్ నొక్కితే తెర ఆరుతుంది, లోపలి సర్క్యూట్ మాత్రం మేలుకునే ఉంటుంది.

రెండోది యాంప్లిఫయర్ లేపుడు తీగను నేరుగా 12 వోల్టులకు కలపడం. అప్పుడు పాట లేకున్నా యాంప్లిఫయర్ రాత్రంతా వేడెక్కుతూనే ఉంటుంది. తెల్లవారుజామున దాని మీద చెయ్యి పెట్టి చూసినా ఈ దొంగ దొరికిపోతుంది.

మూడోది తీగలు తారుమారు కావడం. కారు స్టీరియో కప్లర్లకు ఐఎస్ఓ 10487 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం 'ఏ' కప్లర్‌లో నాలుగో పిన్ను ఎప్పుడూ ఉండే కరెంటుకు, ఏడోది కీ కరెంటుకు. కానీ ఫోక్స్‌వాగన్ పాత కార్లలో కొన్నింటికి ఈ రెండూ అటూఇటుగా ఉంటాయి. జపాన్, కొరియా కంపెనీల కార్ల కప్లర్లు మరో తీరులో ఉంటాయి. కారు వైపు తీగల రంగులకు, సెట్టు వైపు రంగులకు పొంతన ఉండాలనే నియమమూ లేదు. కీ తీసిన ప్రతిసారీ స్టేషన్లు, గడియారం చెరిగిపోతుంటే తీగలు తారుమారయ్యాయని అనుమానించాలి.

ఇక ఆండ్రాయిడ్ తెరల సెట్లది కొత్త తలనొప్పి. అవి ఫోన్ల లాగే పూర్తిగా ఆగకుండా కునుకు తీస్తాయి. పొద్దున్నే తెర చప్పున వెలగడానికి ఈ ఏర్పాటు. ఆ కునుకు సరిగా పట్టని సెట్టు బ్యాటరీకి రాత్రంతా జాగారమే.

ముప్పై రోజుల పని మూడు రోజుల్లో

ఇంతకీ ఎంత కరెంటు పోతే ప్రమాదం? చిన్న కారు బ్యాటరీ మీద 35 ఏహెచ్ అన్న అంకె ఉంటుంది. ఒక యాంపియర్ చొప్పున వాడితే దాదాపు 35 గంటలు వస్తుందని స్థూలంగా దాని అర్థం. ఆపేసిన కారు కూడా కొంత కరెంటు తీసుకోవడం సహజమే. గడియారం, అలారం, ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకశక్తి అన్నీ కలిపి 20 నుంచి 50 మిల్లీ యాంపియర్ల దాకా అయితే కంగారు పడక్కర్లేదు.

లెక్క చూడండి. 30 మిల్లీ యాంపియర్ల చొప్పున రోజుకు పోయేది 0.72 ఏహెచ్. ముప్పై రోజులకు 21.6 ఏహెచ్. అదే తప్పుగా బిగించిన సెట్టు 300 మిల్లీ యాంపియర్లు తీసుకుంటే ఆ 21.6 ఏహెచ్ మూడు రోజుల్లోనే హరీ. యాంప్లిఫయర్ కట్టకుండా ఒక యాంపియర్ లాగేస్తే ఒక్క రోజు చాలు. సగానికి పైగా ఖాళీ అయిన బ్యాటరీ సెల్ఫ్‌ను తిప్పుతుందన్న నమ్మకం లేదు. సెల్ఫ్‌కు ఒక్కసారిగా వంద యాంపియర్లకు పైనే కావాలి మరి.

ఇదే లోపం హైదరాబాద్‌లోనో విశాఖలోనో చాలాకాలం బయటపడకపోవచ్చు. రోజూ ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగే కారులో రాత్రి పోయినదాన్ని ఆల్టర్నేటర్ పగలు పూడుస్తుంది. దీవి పట్టణంలో ఆ అవకాశం తక్కువ. అబర్డీన్ బజారు నుంచి హాడ్డోకు, జంగ్లీఘాట్ నుంచి గారాచర్మకు అన్నీ పొట్టి ప్రయాణాలే. పావుగంట నడిపితే బ్యాటరీలోకి తిరిగి చేరేది రెండు, మూడు ఏహెచ్ మించదు. రోజుకు ఏడు పోతూ మూడు వస్తుంటే ఖాతా ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే ప్రధాన భూభాగంలో దాగే లీకు దీవిలో దాగదు.

వాతావరణమూ కలిసిరాదు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, ఎప్పుడూ తేమ, గాలిలో ఉప్పు. కప్లర్లలోని రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. తడి ఉప్పు పొర రెండు పిన్నుల మధ్య కరెంటుకు దొంగదారి వేస్తుంది. మరోవైపు బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొర కరెంటుకు అడ్డుపడి, బాగున్న బ్యాటరీని కూడా చచ్చినదానిలా చూపిస్తుంది. ఒక్కోసారి టెర్మినల్ శుభ్రం చేస్తేనే సగం సమస్య తీరుతుంది.

పాటల మోజుకూ దీవుల్లో కారణం ఉంది. చెన్నై నుంచి 2,312 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది 2020 ఆగస్టులో. అంతకుముందు ఇంటర్నెట్‌కు ఉపగ్రహ లింకులే గతి. పాటలు పెన్‌డ్రైవ్‌లో నింపుకోవడమే సుఖమనిపించే రోజులవి. కేబుల్ వచ్చాక కూడా అడవి దారిలో పాట కావాలంటే సెట్టులో ఉండాల్సిందే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఇంత దూరాన సొంత భాష పాటకుండే విలువ వేరు.

అందుకే స్టీరియో పీకి పారేయమనడం పరిష్కారం కాదు. సరిగా బిగించడమే పరిష్కారం.

ముందు కొలత

బ్యాటరీ మార్చే ముందు కొలవాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సాధారణ డిజిటల్ మల్టీమీటర్ చాలు.

మొదట వోల్టేజి. పూర్తిగా చార్జి చేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపించాలి. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్లే. ఈ రెండు అంకెలూ బాగుండి, ఒకట్రెండు రాత్రులకే 12.2కు పడిపోతుంటే మొదట లీకును అనుమానించాలి.

తర్వాత కరెంటు. కీ తీసి దూరంగా పెట్టాలి. తలుపులన్నీ మూసి ఉండాలి. బానెట్ తెరిచి ఉంచక తప్పదు కనుక దాని లైటు ఉంటే బల్బు తీసేయాలి. మీటరులో ఎర్ర తీగను 10 యాంపియర్ల రంధ్రంలోకి మార్చాలి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీసి, ఆ టెర్మినల్‌కూ బ్యాటరీ మైనస్ పోలుకూ మధ్య మీటరు పెట్టాలి. కారులోకి పోయే ప్రతి మిల్లీ యాంపియరూ ఇప్పుడు మీటరు గుండానే పోవాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. బ్యాటరీ కలపగానే కారులోని కంప్యూటర్లు మేలుకుని కాసేపు ఎక్కువ కరెంటు తీసుకుంటాయి. అవి సద్దుమణగడానికి అరగంట, కొన్ని కార్లలో గంట పడుతుంది. అందాకా తలుపు తీయకూడదు, మీటరు కదపకూడదు. ముఖ్యంగా మీటరు మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. కొడితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఆ తర్వాత అంకె 50 లోపు ఉంటే లీకు లేదు, బ్యాటరీనే పరీక్షించాలి. 300 దగ్గర నిలబడితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకి చూడాలి. స్టీరియో ఫ్యూజు పీకగానే 300 కాస్తా 30కి పడితే దొంగ దొరికినట్లే. అయితే కొన్ని కార్లలో ఆ ఫ్యూజు మీదే లోపలి లైట్లు, గడియారం కూడా ఉంటాయి. కనుక ఫ్యూజు మళ్లీ పెట్టి, ఈసారి సెట్టు కప్లర్ ఊడదీసి చూస్తే సందేహం తీరుతుంది. యాంప్లిఫయర్‌కు బ్యాటరీ నుంచి విడిగా లావు తీగ వెళ్తే దాని ఫ్యూజునూ తీసి చూడాలి.

ఏ ఫ్యూజు తీసినా అంకె తగ్గకపోతే పాపం స్టీరియోది కాదు. ఫ్యూజు పెట్టెతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిసే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పాడైనా కరెంటు వెనక్కి కారుతుంది. ఇతర ఫ్యూజుల్లో తగ్గితే ఆరని డిక్కీ లైటు, అతుక్కుపోయిన రిలే, జీపీఎస్ ట్రాకర్ లాంటివి చూసుకోవాలి.

మీటరు లేనివారికీ ఒక దారి ఉంది. బ్యాటరీ పూర్తిగా చార్జి చేయించి, రెండు రాత్రులు స్టీరియో ఫ్యూజు తీసి కారు నిలపాలి. పొద్దున్నే సెల్ఫ్ గట్టిగా తిరిగితే ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఏం చెప్పాలో తెలిసిపోతుంది. బ్యాటరీ ఊడదీస్తే కొన్ని కంపెనీ సెట్లు సెక్యూరిటీ కోడ్ అడుగుతాయి. ఆ కార్డు ముందే వెతికి పెట్టుకోవాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో మాత్రం ఈ ప్రయోగాలు సొంతంగా చేయకపోవడమే క్షేమం.

తర్వాత మరమ్మతు

లోపం తెలిశాక మరమ్మతు చిన్నదే. మైనస్ టెర్మినల్ తీసి పెట్టుకుని, ఎరుపు తీగను పసుపు నుంచి విడదీయాలి. కీ తిప్పితే 12 వోల్టులు, తీస్తే సున్నా చూపించే తీగను వెతికి దానికి కలపాలి. సెట్టు వెనక అలాంటిది దొరకకపోతే ఫ్యూజు పెట్టెలో కీతో వచ్చే లైను నుంచి, తగిన ఫ్యూజు వేసి తెచ్చుకోవచ్చు. యాంప్లిఫయర్ లేపుడు తీగ సెట్టు నుంచే రావాలి తప్ప బ్యాటరీ నుంచి కాదు. బ్యాటరీ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే లావు తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. లేకపోతే తీగ ఎక్కడైనా రేకుకు తగిలినప్పుడు పోయేది బ్యాటరీ కాదు, కారు.

ఆండ్రాయిడ్ సెట్లలో కునుకు సమయాన్ని మార్చే సెట్టింగ్ చాలావాటిలో ఉంటుంది. కారు ఆపిన కొద్దిసేపటికి పూర్తిగా ఆగిపోయేలా పెడితే, పొద్దున తెర వెలగడానికి అర నిమిషం ఆలస్యమవుతుంది. కారు కదలకపోవడం కంటే అది నయం కదా. అప్పటికీ పడుకోని సెట్టును మార్చుకోవాల్సిందే.

అతుకుల విషయంలో దీవుల్లో రాజీ పడకూడదు. తీగలు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి పొడి ఊళ్లలో కొన్నేళ్లు నిలుస్తుందేమో. ఇక్కడ వేడికి టేపు జిగురు కారిపోయి, తేమ లోపలికి చేరుతుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. లేదా కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ అడాప్టర్ కొనాలి. చిలుము పట్టిన పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి ఆరనివ్వాలి. పని ముగిశాక మళ్లీ మీటరు పెట్టి చూడాలి. అంకె 50 లోపుకు దిగితేనే మరమ్మతు పూర్తయినట్లు.

బ్యాటరీ ఓడెక్కి రావాలి

ఒక్క చిన్న తీగ గురించి ఇంత చర్చ అవసరమా? దీవుల్లో అవసరమే. చెన్నై, కోల్‌కతా, విశాఖ - ఎటు చూసినా ప్రధాన భూభాగం వెయ్యి కిలోమీటర్లకు పైనే. ఓడ ప్రయాణం రెండున్నర నుంచి మూడు రోజులు. ఆమ్లం నింపిన కారు బ్యాటరీని ప్రయాణికుడు విమానంలో సామానుతో తీసుకురావడానికి ఒప్పుకోరు. కొత్తది ఓడ మీదే రావాలి. తుపాను పట్టి ఓడలు నిలిచిపోతే ఎదురుచూపు తప్పదు. దుకాణంలో ఉన్నదైనా ఎన్నాళ్ల క్రితం తయారైందో చూసుకోవాలి. వాడకుండా ఉంచిన బ్యాటరీ కూడా వేడి వాతావరణంలో తనంతట తానే చార్జి కోల్పోతుంది.

పదేపదే ఖాళీ అయ్యే బ్యాటరీ మళ్లీ చార్జి చేసినా మునుపటిలా ఉండదు. లోపలి సీసం పలకల మీద సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడి దాని సామర్థ్యాన్ని తినేస్తాయి. అంటే తీగ తప్పుగా కలిపినందుకు ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ అకాల మరణం పాలవుతుంది. ఆ తర్వాత మిగిలేది సీసం, ఆమ్లం. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. కానీ సముద్రం మధ్య ఉన్న ఊళ్లలో పాత బ్యాటరీ దుకాణానికి చేరకుండా పెరట్లో మూలపడితే నష్టపోయేది ఆ నేల, ఆ నీరే. అనవసరంగా మార్చని ప్రతి బ్యాటరీ ఆ మేరకు లాభం.

దీవివాసులకు మరో జాగ్రత్త. ఓడెక్కి సొంతూరు వెళ్తే తిరిగి వచ్చేసరికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. లీకు లేని కారులో కూడా ఆలోగా సగం బ్యాటరీ కరిగిపోవచ్చని పై లెక్కే చెబుతోంది. కాబట్టి బయల్దేరే రోజు బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీసి వెళ్లడం మంచిది. దానికి కావాల్సింది ఒక్క స్పానర్, రెండు నిమిషాల సమయం. తిరిగొచ్చాక గడియారం సరిచేసుకోవాల్సి వస్తుంది, అంతే.

జిర్కాటాంగ్ వరుసలో నిలబడి, ఇంజిన్ ఆపి, కాన్వాయ్ కదిలేదాకా పాటలు వినేవారికీ ఇదే లెక్క వర్తిస్తుంది. మామూలు సెట్టును తక్కువ వాల్యూమ్‌లో గంటసేపు వింటే ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి వచ్చిన ముప్పేమీ లేదు. పెద్ద యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టి మోతెక్కిస్తే మాత్రం గేటు తెరిచే వేళకు సెల్ఫ్ మొరాయించవచ్చు. పాట వింటున్నప్పుడు పోయే కరెంటు కళ్ల ముందే పోతుంది, దానికి లెక్క ఉంటుంది. కీ తీసి ఇంట్లో పడుకున్నాక పోయేదే ప్రమాదం. దాన్ని పట్టుకోవడానికి ఒక మీటరు, ఒక గంట ఓపిక చాలు. కొత్త బ్యాటరీకి డబ్బు తీసే ముందు ఆ గంట కేటాయిస్తే, తెల్లవారుజామున నాలుగింటికి కారు మారాం చేయదు.